మూడో గది యాంప్

మానవ సంబంధాలు ఎలాంటివో తేల్చి చెప్పే అధికారం ఇప్పుడు మతాలకు గానీ, ప్రభుత్వాలకు గానీ, న్యాయస్థానాలకు గానీ లేదు. అది జపాన్‌లోని సాకాయ్ నగరంలో, కత్తులు సానబెట్టే దుకాణం పై అంతస్తులో, వాద్యాలు సాధన చేసేవాళ్ళకి గదులు అద్దెకిచ్చే ‘స్టూడియో కురాగే’కి దఖలు పడింది. ఆ స్టూడియో నియమావళి ప్రకారం ముగ్గురు మనుషులు కలిస్తే బృందం. ఇద్దరు కలిస్తే ‘వ్యక్తిగత సాధన’. (ఈ లెక్కన లోకంలోని దంపతులంతా ఇన్నాళ్ళుగా చేస్తున్నదేమిటో తేలిపోయింది. పిల్ల పుడితే గానీ వాళ్ళు బృందం కారు.)

తేడా చిన్నదేమీ కాదు. బృందమైతే నెలల ముందే గది కోరుకోవచ్చు, ఆ గదే కావాలని పట్టుబట్టవచ్చు. వ్యక్తిగత సాధన వాళ్ళు ముందు రోజు సాయంత్రం ఫోన్ చేసి, మిగిలిన గదిలో, శబ్దం పెంచడానికి మిగిలిన యాంప్‌తో సర్దుకోవాలి. మిగిలిన మనుషులకి మిగిలినవి చాలునని నియమావళి ఉద్దేశం.

తొకియే నిషివాకి ఆ స్టూడియోలో బేస్ గిటార్ వాయించేది. బడిపిల్లలకు మధ్యాహ్న భోజనం వండే వంటశాలలో పదవీ విరమణ చేశాక, ఇంట్లో ఒక్కతే కూర్చుంటే గోడ గడియారం తనతో మాట్లాడుతున్నట్టు అనిపించి ఈ పనికి దిగింది. ఇప్పుడు డెబ్బై దాటింది. ప్రతి గురువారం మధ్యాహ్నం, మూడో గది. డ్రమ్స్ మీద హత్సుకో. గిటార్ పట్టుకుని పాడేది కితబతాకే, ఒకప్పుడు ఉత్తరాలు బట్వాడా చేసినాయన.

బేస్ వాయించేవాళ్ళకి గట్టి అభిరుచులు ఉండాలని లోకం ఆశిస్తుంది. తొకియే లోకాన్ని నిరాశపరచలేదు.

ఆమె తీగలు నున్నగా చుట్టినవి, కొన్నప్పటి నుంచి మార్చనివి. కొత్త తీగల మోత పల్చటిదని, పాత తీగల్లో వెచ్చదనం ఉందని ఆమె అధికారిక ప్రకటన. (అనధికారికంగా: కొత్త తీగలు గంటల్లా మోగుతాయి. తప్పు చోట వేలు పడితే అదీ గంటలాగే మోగుతుంది.) తీగల కింద, చివర్న, గిన్నెలు తోమే స్పాంజి ముక్క ఒకటి దూర్చి ఉండేది. పాతకాలపు పద్ధతి అనేది దాన్ని. దానివల్ల ఏ స్వరమైనా పుట్టిన మరుక్షణమే కన్నుమూస్తుంది, సాక్ష్యం మిగలదు. పొట్టి మెడ బేస్ ఎందుకంటే ‘గుండ్రటి శబ్దం’ కోసం. పొడుగు మెడ మీద తన వేళ్ళు అందవన్న సంగతి ఎవరూ అడగలేదు గనక ఆమె చెప్పలేదు.

ఇక యాంప్. మూడో గదిలో చిన్న బీరువా అంత ముసలి యాంప్ ఒకటి ఉంది. స్పీకర్ మీది గుడ్డ అక్కడక్కడ చిరిగిపోయింది. దాంట్లోకి ఏది పంపినా, పక్కింట్లో ఎవరో మంచం జరుపుతున్నట్టు బయటికొస్తుంది. తొకియే, సన్నటి స్వరాలను పెంచే ట్రెబుల్ నాబ్‌ని సున్నా దాకా తిప్పి, అక్కడి నుంచి ఇంకా తిరుగుతుందేమోనని ఒకసారి ప్రయత్నించి, “ఆ, ఇప్పుడు బాగుంది” అనేది. మిగతా గదుల యాంప్‌లలో ఆత్మ లేదని ఆమె అభిప్రాయం.

ఈ అభిప్రాయాలంటే కితబతాకేకి ఎంతో గౌరవం. “మా బేస్ ఆవిడ తీగలే మార్చరండీ, అంత పట్టింపు మనిషి” అని అంగడి వీధి వేసవి ఉత్సవంలో తకొయాకి అనే ఆక్టోపస్ ఉండలు అమ్మేవాడికి కూడా చెప్పేవాడు.

ఆయనకి ఉన్నది ఒకటే దిగులు. ముగ్గురూ కలిసి కట్టుకున్న ట్రామ్ పాటలో, పల్లవి చివర, తన గొంతు జారిపోతోందని. పాట అవగానే నడుము వంచి, “మన్నించాలి, మళ్ళీ జారాను” అనేవాడు. ఉత్సవంలో జనానికీ అలాగే వంగి చెప్పుకునేవాడు. తెన్నోజిలో ఒక సంగీతం టీచరమ్మ దగ్గర పాఠాలకు చేరాడు. ఆవిడ మాత్రం, మీ గొంతులో ఏ లోపమూ లేదంటుందట. “పాపం, మొహమాటస్తురాలు” అని నిట్టూర్చేవాడు.

ఒక గురువారం హత్సుకో డ్రమ్ము కర్రలు సంచిలో పెట్టుకుంటూ, “వచ్చే నెల నుంచి నేను రానే, తొకీచాన్” అంది.

“పళ్ళ డాక్టరా?”

“ఉత్తరాన అకితాకి వెళ్ళిపోతున్నాను. మా అక్కకి మోకాళ్ళు పోయాయి. ఇంటి ముందు మంచు ఎత్తిపోసేవాళ్ళు లేరు.”

“ఇది జూన్ కదే!”

“ముందుగా వెళ్ళి పారతో పరిచయం చేసుకోవద్దూ?”

తొకియే జీవితంలో వీడ్కోళ్ళు చాలా చూసింది, ఒక్కటీ సరిగ్గా చెప్పలేకపోయింది. వాళ్ళమ్మ ఆఖరి శ్వాస తీసుకున్నప్పుడు తను ఆసుపత్రి కింద అంతస్తులో, కారు నిలిపిన చీటీకి ముద్ర వేయించుకుంటోంది. ఈసారైనా తగిన మాట ఏదో అందామని నోరు తెరిచింది. వచ్చిన మాట ఇది: “మరి మూడో గది?”

హత్సుకో సంచి భుజాన వేసుకుంటూ, “నీకా యాంప్ మొగుడికంటే ఎక్కువే” అంది.

స్టూడియో మేనేజర్ కుసునొకి తల మీద వెంట్రుకలు తక్కువైనా, నోట్లో మర్యాద ఎక్కువున్న మనిషి. సంగతంతా విని, కంప్యూటర్ తెరను తొకియే వైపు తిప్పాడు.

“చూడండి, నిషివాకిసాన్. ఒక సభ్యురాలు ‘వెళ్ళిపోయారు’ అంటే నేను ఇద్దరు అని కొట్టాలి. ‘ఇంకా రాలేదు’ అంటే ముగ్గురు అని కొట్టొచ్చు. నియమావళిలో ఆలస్యానికి చోటుంది. వీడ్కోలుకి లేదు.”

“అయితే హత్సుకో ఇంకా రాలేదు” అంది తొకియే.

“చిత్తం.”

ఆ విధంగా హత్సుకో అకితాలో అక్కకి కాళ్ళు పడుతూ, సాకాయ్‌లో వేసవంతా ఆలస్యమవుతూ వచ్చింది. (ఇంత క్రమం తప్పకుండా ఆలస్యమైన డ్రమ్మర్ మరొకరు లేరని కుసునొకి మెచ్చుకున్నాడు.) మిగిలిన ఇద్దరూ ఖాళీ డ్రమ్స్ వైపు తిరిగి వాయించేవాళ్ళు. కితబతాకే ఆ స్టూలు పక్కన ఒక బార్లీ టీ సీసా పెట్టేవాడు, లేచేటప్పుడు తనే తాగేసేవాడు. డ్రమ్స్ లేకపోయేసరికి తన గొంతు మరీ జారుతోందని రెండుసార్లు వంగేవాడు.

కొన్నాళ్ళకి స్టూడియో వాళ్ళ ప్రధాన కార్యాలయంలోని హాజరు సమన్వయ విభాగం అకితాకి ఫోన్ చేసింది. ఎక్కడున్నారని అడిగితే, హత్సుకో తడుముకోకుండా, “దారిలో ఉన్నాను” అంది. విభాగం సంతృప్తి చెందింది. అయితే ఆ విభాగంలో ఎవరో చురుకైన అధికారి, దారిలో ఉన్నవారు ఏ దిశలో ఉన్నారో కూడా నమోదు చేయాలని సవరణ తెచ్చాడు. మళ్ళీ ఫోన్ మోగింది. “ఉత్తరం వైపు” అని హత్సుకో ఒప్పేసుకుంది. అబద్ధం ఆడలేని మనిషి. (అని తొకియే అప్పటికి అనుకుంది.)

బృందం రద్దయింది. వాళ్ళిద్దరూ వ్యక్తులయ్యారు. వ్యక్తులకి మిగిలింది అయిదో గది.

అయిదో గదిలో యాంప్ అన్నం వండే కుక్కరంత ఉంది. కొత్తది. “ఇది చాలా నిజాయితీ గల యాంప్ అండీ” అని చెప్పి కుసునొకి తలుపు మూశాడు. కితబతాకే పాఠం నుంచి ఇంకా రాలేదు. ఊరికే కూర్చోలేక తొకియే ఫోన్‌లో ట్రామ్ పాట పెట్టుకుంది. ఆ టీచరమ్మకి వినిపించడానికి ఆయన ఇంట్లో ఒక్కడే గిటార్ వాయిస్తూ పాడి రికార్డు చేసి, తొకియేకి కూడా పంపినది అది.

పల్లవి చివర ఆయన గొంతు జారలేదు.

తొకియే మళ్ళీ పెట్టింది. ఈసారి తనూ కలిసి వాయించింది. పల్లవి చివరికి వచ్చేసరికి ఆ నిజాయితీ గల యాంప్‌లోంచి, పాటకి అర మెట్టు కిందగా, పెళ్ళిలో ఎవరో పేరు తప్పు పిలిచినట్టు ఒక స్వరం వచ్చింది. స్పాంజిని ఇంకా లోపలికి నొక్కింది. ట్రెబుల్ తగ్గించింది. యాంప్ తన నిజాయితీ మార్చుకోలేదు. జారింది గొంతు కాదు, వేలు. పాట కట్టిన రోజు నుంచీ అదే వేలు, అదే చోట.

కితబతాకే గొంతు సవరించుకుంటూ లోపలికొచ్చాడు. “ట్రామ్ పాటతో మొదలుపెడదామా?”

“ఇవాళ వేలు నొప్పిగా ఉందండీ” అంది తొకియే.

ఇంటికి వెళ్ళీ వెళ్ళకముందే హత్సుకోకి ఫోన్ చేసింది.

“ట్రామ్ పాటలో పల్లవి చివర నేను తప్పు వాయిస్తున్నానే.”

“తెలుసు.”

“ఎప్పటి నుంచి?”

“మొదటి రోజు నుంచి. అక్కడ నేను ఆ ఇత్తడి సింబల్ పళ్ళేన్ని ఎందుకంత బాదేదాన్ని అనుకున్నావ్, పాట మీద ప్రేమతోనా?”

“మరి చెప్పలేదేం?”

“చెబితే నువ్వు మానేస్తావు. నువ్వు మానేస్తే ఇద్దరం మిగులుతాం. ఆ ముసలాడితో కలిసి వ్యక్తిగత సాధన చేయమంటావా నన్ను? ఊళ్ళో ఏమనుకుంటారు?”

తొకియే నవ్వలేదు. “ఆయన వంగి వంగి మన్నించమంటున్నాడే, హత్చాన్. ఊరందరికీ.”

“అదొక్కటే నాకూ బాధగా ఉండేది” అంది హత్సుకో. “సింబల్ ఇంకాస్త పెద్దది కొనాల్సింది.”

సరైన స్వరం నేర్చుకోవడానికి తొకియే ఇంట్లో కూర్చుంది. వేలు కొత్త చోటికి వెళ్ళేది, అద్దెకున్న మనిషిలా బిక్కుబిక్కుమంటూ నిలబడేది, పాట నడక అందుకోగానే సొంతింటికి పరిగెత్తేది. పోనీ కితబతాకేకి చెప్పేస్తే? ఆయన కోప్పడడు. భయమంతా అక్కడే. “పర్లేదండీ, పర్లేదండీ” అంటాడు. టీ కూడా పోస్తాడు. ఆ పై గురువారం ఆయనకి ఏదో పని తగులుతుంది, ఆ పై గురువారం ఇంకొకటి. తొకియేని వదిలి వెళ్ళినవాళ్ళలో ఒక్కరూ తలుపు విసిరి వెళ్ళలేదు. అందరూ మర్యాదగా, చెప్పులు సరిగ్గా తొడుక్కుని వెళ్ళారు.

కావలసింది సింబల్. అంటే డ్రమ్మర్. స్టూడియో గోడకి ఆమె కాగితం అంటించింది. కింద అంచున ఫోన్ నంబరు చీలికలు చీలికలుగా కత్తిరించి ఉంది, కావలసినవాళ్ళు చింపుకుపోవడానికి. ‘డ్రమ్మర్ కావలెను. వయసు పట్టింపు లేదు. బలంగా బాదేవారికి ప్రాధాన్యం. ముఖ్యంగా పల్లవి చివర.’

కాగితం చూసి కుసునొకి తల ఊపాడు. “ఈ ఊళ్ళో ప్రతి డ్రమ్మరూ ఇప్పటికే అయిదు బృందాల్లో ఉన్నాడండీ. ఆరోది పెట్టుకుంటే ఇంట్లోవాళ్ళు వెతకడం మొదలుపెడతారు.”

చివరికి ఒక చీలిక చిరిగింది. చింపినాయన పేరు మిజుగుచి. పళ్ళ సెట్లు తయారుచేసే పనిలో ఉండేవాడు. ఆయన బృందంలో ఒకరు పోయి, ఒకరు అలిగి, ఆయన ఒక్కడే మిగిలాడు. చేతిలో పొడుగు సంచి ఉంది.

“మీ డ్రమ్స్ చాలా సన్నగా ఉన్నాయే” అన్నాడు కితబతాకే.

“నేను బేస్ వాయిస్తానండీ. డ్రమ్స్ రావు. మీ కాగితంలో వయసు పట్టింపు లేదన్న ముక్క చూసి వచ్చేశాను.”

ముగ్గురూ కుసునొకి వైపు చూశారు. ఆయన నియమావళి తిరగేసి, “ఇక్కడ మనుషుల్ని లెక్కపెట్టమన్నారు గానీ, వాద్యాల్ని కాదు” అన్నాడు. “ముగ్గురు. బృందం. గురువారం, మూడో గది.” ఇద్దరు బేస్ వాయించేవాళ్ళు ఒకే బృందంలో ఎందుకని కంప్యూటర్ కూడా అడగలేదు.

మిజుగుచి అభిరుచులు వేరు. నెల తిరక్కుండా తీగలు మారుస్తాడు. వాయించిన ప్రతిసారీ ఒక్కో తీగనూ పసిపిల్ల వేళ్ళు తుడిచినట్టు తుడుస్తాడు. సొంత యాంప్ మోసుకొస్తాడు, అది అయిదో గది దానికి దగ్గరి చుట్టంలా ఉంటుంది.

“మీవి ఎప్పుడు మార్చారు?” అని తొకియే తీగల వైపు చూపించాడు.

“మార్చే అవసరం రాలేదండీ.”

“అంటే, ఎన్నాళ్ళుగా?”

“ఇంకా రాలేదు.”

మిజుగుచి గుళ్ళో నిలబడినట్టు ఒకసారి తల వంచాడు.

మూడో గదిలో మొదటి గురువారం కితబతాకే ట్రామ్ పాట అన్నాడు. తొకియే ఇక వేలు నొప్పి అనలేకపోయింది, ఆ నొప్పి అప్పటికే అన్ని గురువారాలకీ వాడేసింది. ఒకసారి వాయించారు. పల్లవి చివర, పాటని కితబతాకే రికార్డు విని నేర్చుకొచ్చిన మిజుగుచి స్వరం ఒక చోట, ఆమెది ఒక చోట దిగాయి. ఈ ముసలి యాంప్ కూడా ఆ తగువుని మింగలేకపోయింది. మిజుగుచి చటుక్కున ఆమె వైపు చూశాడు. కితబతాకే అప్పటికే నడుము వంచేశాడు.

“మన్నించాలి, మిజుగుచిసాన్. మొదటి రోజే మీ చెవులు పాడుచేశాను. ఇది నా పాత జబ్బు. ఈ పాటని ఇక మానేద్దామనుకుంటున్నాను. అసలు పాడటమే మానేయొచ్చు.”

మిజుగుచి నోరు తెరవబోయాడు.

“ఇంకొక్కసారి చూద్దామండీ” అంది తొకియే. లేచి తన యాంప్ దగ్గరికి వెళ్ళింది. ట్రెబుల్ సున్నా దాకా తిప్పింది. ఇంకా తిరుగుతుందేమోనని చూసింది. దాని వైరు సర్దుతున్నట్టు వెనకవైపు వంగి స్విచ్ ఆపేసింది. ముందున్న ఎర్ర దీపం ఆరిపోయింది. వచ్చి, బేస్ మెడలో వేసుకుని, నిటారుగా నిలబడింది.

మొదటి నుంచి చివరిదాకా అంతా వాయించింది. వేలు ఎప్పటిలాగే పల్లవి చివర సొంతింటికి పరిగెత్తింది. ఎవరికీ వినబడలేదు.

పాట ఆగాక కితబతాకే వంగబోయి, సగంలో ఆగిపోయాడు. అలాగే ఉండి, మెల్లగా లేచాడు.

“జారలేదు” అన్నాడు. “విన్నారా? జారలేదు! ఆవిడ పాఠాలు ఇన్నాళ్ళకి పనిచేశాయి!” కళ్ళద్దాలు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుని తొకియే వైపు తిరిగాడు. “మీ శబ్దం కూడా, తొకియేసాన్. ఇన్నేళ్ళలో ఇంత బాగా ఎప్పుడూ లేదు. గొంతుకి ఎక్కడా అడ్డం రాకుండా, ఎంత వెచ్చగా ఉందో! తీగలు మార్చారా ఏమిటి?”

మిజుగుచి ఆరిపోయిన ఎర్ర దీపం వైపే చూస్తూ, తన తీగలు తుడుచుకుంటున్నాడు.

“లేదండీ, అవే” అంది తొకియే.

“చూశారా మిజుగుచిసాన్” అన్నాడు కితబతాకే, “మంచి తీగలంటే అలా ఉంటాయి.”