అమృతపాణి తీర్మానం

ఒక పెద్ద అడవి. అందులో చెట్లెన్ని ఉన్నాయో ఎవరూ లెక్కపెట్టలేదు గానీ, చెట్ల కంటే కమిటీలే ఎక్కువని చెప్పుకునేవారు. ఆ కమిటీలన్నిటి మీదా ఒక పాలకమండలి ఉండేది. దానికి అధ్యక్షుడు కుంభయ్య అనే ఏనుగు.

కుంభయ్య చెడ్డవాడు కాడు. కిందటి వేసవిలో తిండి దొరక్క గుంపు ఊళ్ల వైపు దిగినప్పుడు, అతని మనవరాలు చెరకు తోట చుట్టూ తవ్విన కందకంలో పడింది. నానా తంటాలు పడి బతికించుకున్నారు గానీ, ఆ పిల్ల ఇప్పటికీ కాలు ఈడుస్తూనే నడుస్తుంది. ఇక ఏ వేసవిలోనూ ఎవరికీ అడవి దాటే అవసరం రానివ్వనని కుంభయ్య అందరికీ మాటిచ్చాడు. ఆ మాట నిలబడాలంటే వాగు పక్కనున్న అరటి తోట కాయాలి.

తోటలో రకాలన్నీ కలగాపులగంగా ఉండేవి. చక్కెరకేళి, కర్పూరం, బొంత, అమృతపాణి, వాటి మధ్య పక్షులూ గబ్బిలాలూ ఎక్కడెక్కడివో తెచ్చి పడేసిన గింజల నుంచి మొలిచిన అడవి అరటి. ఒకటి ఈ నెల గెల వేస్తే మరొకటి వచ్చే నెల వేసేది. అడవి అరటిపండు నిండా గింజలే, తింటే మింగేదాని కంటే ఉమ్మేదే ఎక్కువ.

మండలి కార్యదర్శి సూక్ష్మమూర్తి అనే నక్క. అతనికి క్రమశిక్షణ అంటే ప్రాణం, ముఖ్యంగా ఇతరుల క్రమశిక్షణ. ఒకనాడు సభలో లేచి నిలబడ్డాడు.

"గింజను నమ్మి తోట వేయడమంటే గాలిలో దీపం పెట్టి దేవుడా నీదే భారం అనడమే. పువ్వు పూయాలి, ఎవరో పుప్పొడి మోయాలి, గింజ కట్టాలి, మొలవాలి. ఇంత చేశాక పిల్ల తల్లిలా ఉంటుందని పూచీ ఉందా? రణపాల ఆకును చూడండి. కింద పడితే చాలు, అంచుల వెంట పిల్లలు లేస్తాయి. పెళ్లీ లేదు, పేరంటమూ లేదు. చెరకు ముక్క పాతితే ఆ చెరకే. మల్లె కొమ్మ అంటు కడితే ఆ మల్లే."

కాకి వెంటనే బలపరిచింది. దానికి పాత గాయం ఉంది. ముద్దుగా పొదిగిన గుడ్డు ఒకటి కోకిలై, కనీసం వెళ్లొస్తానని కూడా చెప్పకుండా ఎగిరిపోయింది. అప్పటి నుంచీ గుడ్లన్నా గింజలన్నా కాకికి నమ్మకం లేదు.

శాస్త్రీయ సలహాదారు కొమ్మేశ్వరరావు అనే కోతి. పట్నంలో మొక్కల ప్రయోగశాల కిటికీ పక్కన కొన్నాళ్లు కూర్చున్న అనుభవం ఆయనది. మంచి అరటి చెట్టు మొవ్వులోంచి గోరంత ముక్క కోసి, శుభ్రమైన గాజు సీసాలో, జిగురులాంటి ఆహారం మీద పెడతారనీ, ఆ ముక్క మొక్కై, మొక్క గుంపై, ఒక్క తల్లికి వేల పిల్లలు పుడతాయనీ, అన్నీ అచ్చం తల్లి పోలికేననీ, దీన్నే టిష్యూ కల్చర్ అంటారనీ వివరించాడు. ఆయన చూసింది కిటికీ బయటి నుంచే. కానీ అడవిలో కిటికీ దాకా వెళ్లినవాడు కూడా ఆయనొక్కడే కాబట్టి ఎవరూ ఎదురు చెప్పలేదు.

అమృతపాణి ఒక్కటే ఉంచి మిగతా రకాలన్నీ పీకేయాలని తీర్మానం జరిగింది. కోతులు పట్నం వెళ్లి పిల్లమొక్కలు ఎత్తుకొచ్చాయి. దొంగతనం అంటే బాగుండదని దానికి దిగుమతి అని పేరు పెట్టారు. అమృతపాణికి గింజలు ఉండవు గనక పుప్పొడి శాఖ దండగ అని రద్దు చేశారు. గెలకు బలం వస్తుందని దాని కొసన వేలాడే పువ్వును కోసేయమన్నారు.

ఆ శాఖలో తరతరాలుగా పనిచేసేవి గబ్బిలాలు. వాటి పెద్ద తలకిందులమ్మ సభకొచ్చి కొమ్మకు వేలాడింది.

"అయ్యా, మా వాళ్లు బతికేది ఆ పువ్వులో తేనె తాగి. పువ్వు కోస్తే మేమెక్కడికి పోవాలి?"

"అవ్వా, నువ్వు లోకాన్ని తలకిందులుగా చూస్తావు. అభివృద్ధి నీకు పతనంలా కనబడటం సహజం," అన్నాడు సూక్ష్మమూర్తి. సభ నవ్వింది. కుంభయ్య కూడా నవ్వాడు. నవ్వకుండా ఉండాల్సింది. గబ్బిలాలు పిల్లాపాపలతో వాగు అవతలి గండికి వలస పోయాయి.

మొదటి ఏడు తోట విరగకాసింది. అన్నీ ఒకే పోలిక కాబట్టి అన్నీ ఒకేసారి పండాయి. తిన్నవాళ్లకు తిన్నంత, సగం నేలపాలు. అయినా కుంభయ్య మాట నిలబడింది, మనవరాలి బుగ్గలు నిండాయి.

ఆ ఊపులో సూక్ష్మమూర్తి ఎన్నికల మీద పడ్డాడు. ఎన్నిక అంటే గింజ వేయడం లాంటిదేననీ, ఏం మొలుస్తుందో తెలీదనీ, తల్లి మొదట్లోంచి తల్లి పోలికతోనే లేచే పిలక పద్ధతే పదిలమనీ చెప్పి, పిలకల చట్టం చేయించాడు. ఎలుగుబంటి స్థానంలో ఎలుగుబంటి కొడుకు, పంది స్థానంలో పంది కొడుకు వచ్చి కూర్చున్నారు. ఏమడిగినా "నాన్నగారు అన్నదే నేనూ అంటున్నా" అనేవారు. సభలు త్వరగా ముగిసేవి. కుంభయ్యకు ప్రాణం హాయిగా ఉండేది.

తోట తనిఖీ కూడా సులువైంది. సూక్ష్మమూర్తి కార్యాలయం గుమ్మం ముందున్న ఒక్క చెట్టును చూసి, తోటంతా ఆరోగ్యం అని నివేదిక ఇచ్చేవాడు. అన్నీ ఒకటే అయినప్పుడు ఎండలో తిరగడం దేనికని ఆయన వాదన.

రెండో ఏడు వేసవి ముందు, తోట అవతలి కొసన ఆకులు పసుపెక్కి వేలాడుతున్నాయని జింకలు మొరపెట్టుకున్నాయి. సూక్ష్మమూర్తి గుమ్మంలోకి వచ్చి చెట్టు వైపు చూశాడు. పచ్చగానే ఉంది. జింకలకు కామెర్లేమో, లోకమంతా పచ్చగా కనబడుతోందని రాశాడు. ఆ నివేదిక సభకు వచ్చింది. కొడుకులందరూ వెనక వరసలో కూర్చున్న నాన్నల వైపు చూశారు, నాన్నలు కునికిపాట్లు పడుతున్నారు. నివేదిక ఆమోదం పొందింది. ఈలోగా కోతులు అవతలి కొసన తొక్కిన మట్టి కాళ్లతోనే తోటంతా తిరిగాయి.

అది వడలు తెగులు. మట్టిలో ఉంటుంది, వేరు నుంచి ఎక్కుతుంది. ఒక అమృతపాణికి పట్టింది ఇంకో అమృతపాణికి పట్టకపోవడానికి కారణమేమీ లేదు. గుమ్మం ముందు చెట్టు వాలిపోయిన రోజుకి తోటలో నిలబడ్డ చెట్టు లేదు.

కుంభయ్య వెళ్లి చూశాడు. కాండాలు నిలువునా పగిలి పడి ఉన్నాయి. అతని వెనకే కాలు ఈడుస్తూ వచ్చిన మనవరాలు అడిగింది.

"తాతా, మళ్లీ ఊరి వైపు పోవాలా?"

కుంభయ్య సిగ్గు దిగమింగుకుని గబ్బిలాలు చేరిన గండి వైపు నడిచాడు.

అక్కడ గబ్బిలాలు విసిరిన గింజల నుంచి అడవి అరటి కొండవాలంతా మొలిచి ఉంది. ఒకటి పొట్టి, ఒకటి పొడుగు, ఒకటి వంకర. తెగులు అక్కడికీ వచ్చింది. కొన్నిటిని తిన్నది, కొన్నిటి జోలికి పోలేకపోయింది.

"తప్పయింది తలకిందులమ్మా. ఆనాడు నేనూ నవ్వాను," అన్నాడు కుంభయ్య.

"తినండి బాబూ. పువ్వులు మాత్రం కోయకండి. గింజలు బాగా ఎక్కువ, ముందే చెబుతున్నా."

ఆ వేసవి అడవంతా గండిలోనే గడిపింది. మింగింది పిడికెడు, ఉమ్మింది దోసెడు. ఎలుగుబంటికి పన్ను విరిగింది. పందికి దవడ వాచింది. పొద్దస్తమానం గొణుగుడే. కానీ ఒక్క ప్రాణీ అడవి దాటలేదు, ఒక్క పిల్లా కందకంలో పడలేదు.

వానలు పడ్డాక కుంభయ్య పిలకల చట్టం రద్దు చేసి, మళ్లీ ఎన్నికలు పెట్టాడు. తన తప్పు ఒప్పుకుని, ఇకపై తోటలో అన్ని రకాలూ ఉంటాయనీ, గింజలు భరించాలనీ ఉన్నమాట చెప్పాడు. సూక్ష్మమూర్తి కూడా పోటీకి నిలబడ్డాడు. ఆయన ఒక్కటే వాగ్దానం చేశాడు, గింజల్లేని పండు.

సూక్ష్మమూర్తికి వచ్చినంత మెజారిటీ ఆ అడవిలో అంతకు ముందు ఎవరికీ రాలేదు.

నీతి: కడుపు నింపిన పండును జనం మరిచిపోతారు గానీ, పంటికి తగిలిన గింజను మరిచిపోరు.