తువ్వాలు కింద పెద్దమనిషి

ఆ రోజు మధ్యాహ్నం నిద్రపోయే ప్రసక్తే లేదని మీసాలాయన పొద్దున్నే తీర్మానించుకున్నాడు. అద్దం ముందు నిలబడి, మీసానికి నూనె రాసి, చివర్లు పైకి మెలేస్తూ ఆ మాట భార్యకు వినపడేలా రెండుసార్లు చెప్పాడు కూడా. "ఆ మాట మీద మీ మీసానికైనా నమ్మకముందా?" అని అడిగి ఆవిడ తన పనిలో పడింది.

ఆయనది వీధి మలుపులో ఒంటి గది సెలూను. ఒక కుర్చీ, ఒక అద్దం, గోడవారగా పొడవాటి బల్ల. బోర్డు మీద పేరు లేదు, ఒక జత మీసాలు మాత్రం ఉన్నాయి. పనిలో వేలెత్తి చూపేవాళ్ళు లేరు. చిక్కల్లా భోజనం తర్వాత ముంచుకొచ్చే కునుకుతోనే. ఎదురుగా కొత్త సెలూను వెలిశాక తలుపు మూసుకుని పడుకునే ధైర్యం పోయి, ఆయనొక ఉపాయం పన్నాడు. చెప్పులు అద్దం కింది అరలో పెట్టేసి, తన కుర్చీలోనే వెనక్కి వాలి, మెడ దాకా తెల్లగుడ్డ కప్పుకుని, ముఖం మీద తడి తువ్వాలు వేసుకునేవాడు. దారిన పోయేవాళ్ళకి ఎవరో గడ్డం నానబెట్టుకుంటున్నట్టు కనిపించేది.

అయినా సంగతి ఎలాగో గది యజమాని చెవిన పడింది. యజమానికో మేనల్లుడున్నాడు. మేనల్లుడికి ఫోన్ల దుకాణం పెట్టాలనుంది, దానికి మలుపులో గదే కావాలట. "పట్టపగలు నిద్రపోతున్నావట. రేపు మధ్యాహ్నం నేనే వచ్చి చూస్తా. షాపులో జనముంటే సరే. నువ్వు కునుకుతూ దొరికావా, గది ఖాళీ చెయ్యి," అని ముందురోజే చెప్పి వెళ్ళాడు. గది పోతే మీసాలాయనకి మరో బతుకుతెరువు లేదు. పైగా ఆ కుర్చీ మామగారిది. అల్లుడికి కత్తి పట్టడం నేర్పింది ఆయనే. అంతకు ముందే కూతురికి నేర్పాడన్న సంగతి అల్లుడు బయట పెద్దగా చెప్పడు.

భోజనమయ్యాక మీసాలాయన కాసేపు నిలబడి చూశాడు, అటూ ఇటూ నడిచి చూశాడు. కళ్ళు మూసుకున్నంత మాత్రాన నిద్రపోయినట్టు కాదని తనకు తానే సర్దిచెప్పుకుని కుర్చీలో వాలాడు. నిద్ర సుఖమెరుగదంటారు గానీ, ఈయన నిద్రకి ఆ కుర్చీ సుఖం బాగా ఎరుకే. తువ్వాలు ముఖం మీద పడిందో లేదో, ఆయన ఈ లోకంలో లేడు.

ముందుగా వచ్చింది రిటైరైన లెక్కల మాస్టారు. కుర్చీలో మనిషున్నాడు, మీసాలాయన లేడు. ఇప్పుడే ఎటో వెళ్ళుంటాడనుకుని బల్ల మీద కూర్చున్నారు. తర్వాత వచ్చిన బస్సు డ్రైవరు ఆ కుర్చీలో ఉన్నదెవరని గుసగుసగా అడిగాడు.

"తెలీదు. కానీ మీసాలాయన ఎవర్నీ ఇంతసేపు నానబెట్టడు. ఎవరో పెద్దమనిషే అయ్యుండాలి," అన్నారు మాస్టారు.

"పెద్దమనిషైతే బయట కారుండాలి కదండీ?"

"కారు దూరంగా ఆపించి నడిచొచ్చుంటారు. అందుకే పెద్దమనిషన్నాను."

డ్రైవరుకి ఈ లెక్క నచ్చింది. ఆ తర్వాత వచ్చినవాళ్ళకి అతనే చెప్పాడు. ఒకాయన జడ్జిగారై ఉండొచ్చన్నాడు, మరొకాయన కాదు, జడ్జిగారికి బట్టతలన్నాడు. చేతికి ఉంగరాలున్నాయేమో చూద్దామంటే చేతులు గుడ్డ కిందున్నాయి. బల్ల నిండింది, గడప నిండింది. నిన్ననే క్షవరం చేయించుకున్నవాళ్ళు కూడా ఆగి, పెద్దమనిషికి నిద్రాభంగం కాకుండా ఊపిరి బిగబట్టి చూస్తున్నారు.

సరిగ్గా అప్పుడే మీసాలాయనకి మెలకువ వచ్చింది. తువ్వాలు తీయబోతుండగా గడప దగ్గర యజమాని గొంతు వినిపించింది. పై ప్రాణాలు పైనే పోయాయి. తీస్తే గది పోతుంది, తీయకపోతే ఊపిరాడదు. కంగారు పుడితే ఎడమకాలి బొటనవేలు దానంతటదే ఆడటం ఆయనకి చిన్నప్పటి నుంచి ఉన్న అలవాటు. అది ఆడటం మొదలుపెట్టింది.

భర్తని మెలకువగా ఉంచడానికి ఫ్లాస్కులో టీ తీసుకుని భార్య అదే సమయానికి వచ్చింది. జనాన్ని తప్పించుకుని లోపలికి వచ్చి, ముందు తువ్వాలునీ, తర్వాత బొటనవేలునీ చూసింది. ఒళ్ళు మండిపోయింది. తువ్వాలు లాగి అందరి ముందూ నాలుగూ దులిపేద్దామనుకుంది. కానీ యజమాని మొహం చూశాక, తండ్రి కుర్చీ బండెక్కి వెళ్ళిపోవడం కళ్ళ ముందు కదిలింది.

"మీ ఆయనేడమ్మా?" అన్నాడు యజమాని.

"మంచం దిగలేని పెద్దాయనకి ఇంటికెళ్ళి గడ్డం గీస్తున్నారండీ. ఈయన పని నాకు అప్పజెప్పారు."

"నీకు వచ్చా?"

"మా నాన్న నేర్పారండీ."

ఆవిడ కుర్చీని గోడవైపు తిప్పింది. అందరికీ తన వీపు అడ్డుపెట్టి తువ్వాలు కళ్ళ మీదికి జరిపి, సబ్బు నురగ రాసింది. నురగ మీసం మీదికి కూడా వచ్చేసరికి మీసాలాయనకి జరగబోయేది అర్థమైంది. ఆవిడ చెవి దగ్గరికి వంగి, "కదిలితే తెగుతుంది," అంది. ఆయన కదల్లేదు. ఇన్నేళ్ళు నూనె పోసి పెంచుకున్నది నాలుగు గీతల్లో గుడ్డ మీద రాలింది. తువ్వాలు కింద కన్నీళ్ళు వచ్చాయి, అది వేరే సంగతి.

తువ్వాలు తీసేసి, తల పాపిడి రెండో పక్కకి దువ్వి ఆవిడ కుర్చీ తిప్పింది. బల్ల మీదున్నవాళ్ళందరూ మెడలు సాచి చూశారు. ఒక్కరూ గుర్తుపట్టలేదు. ఇన్నాళ్ళూ అందరూ మీసాన్నే చూశారు గానీ, దాని వెనక ఒక ముఖముందని ఎవరూ పట్టించుకున్నట్టు లేదు. అరలోంచి చెప్పులు తీసి ఆవిడ ఆయన కాళ్ళ ముందు పెడితే, మర్యాద తెలిసిన షాపని యజమాని మెచ్చుకున్నాడు. మాస్టారు లేచి నమస్కారం పెట్టారు. నోరు విప్పితే గొంతు గుర్తుపట్టేస్తారని మీసాలాయన గంభీరంగా తల పంకించి, దారిచ్చిన జనం మధ్య నుంచి బయటికి నడిచాడు.

"ఎవరమ్మా ఆయన?" అని యజమాని ఆత్రంగా అడిగాడు.

"ఎవరికీ చెప్పొద్దని ఆయన కోరికండీ."

అంతటి మనిషి కత్తి కింద కదలకుండా పడుకున్నాడంటే ఆ చెయ్యి మామూలుది కాదని యజమాని తేల్చేశాడు. గది వాళ్ళకే ఉంచుతానని, మేనల్లుడికి ఇంకోచోట చూస్తానని, అయితే ఇక మీదట కుర్చీ దగ్గర ఆవిడే ఉండాలని చెప్పి వెళ్ళాడు.

మీసం పెరిగేదాకా ఆయన ఇంట్లోనే ఉండిపోవాలని భార్యాభర్తలు ఒప్పందానికొచ్చారు. అడిగినవాళ్ళకి చెల్లెలి ఊరు వెళ్ళారని ఆవిడ చెప్పేది. ఆయన వంట చేసి, గిన్నెలు కడిగి, మధ్యాహ్నం కావలసినంత సేపు మంచమెక్కేవాడు. కానీ వెధవ నిద్ర రాలేదు. కత్తెర చప్పుడు లేదు, బల్ల మీద కబుర్లు లేవు, పట్టుబడతామన్న భయమూ లేదు. భయం లేని నిద్ర ఉప్పు లేని కూరలా ఉంది.

చివరికి ఉండబట్టలేక ఒక మధ్యాహ్నం నున్నటి ముఖంతోనే సెలూనుకి వెళ్ళాడు. పెద్దమనిషి వచ్చారంటూ బల్ల మీదున్నవాళ్ళంతా తమ వంతు వదులుకుని లేచారు. ఆవిడ తువ్వాలు తడిపింది. ఆయన కుర్చీలో వాలిన మరుక్షణమే గురక మొదలైంది, మిగతావాళ్ళు గొంతులు తగ్గించారు. అప్పటి నుంచి రోజూ అదే వరస.

మీసం మాత్రం ఇప్పటిదాకా పెరగలేదు, పొద్దున్నే తలుపేసుకుని ఆయనే గీసుకుంటున్నాడు.