ముప్ఫై ఒకటి దగ్గర ఆగిన అంకె

తనిఖీ పది గంటలకు. పొదుపు సారు మాత్రం ఎనిమిదిన్నరకే ఆఫీసుకు వచ్చి, కింది అంతస్తు హాల్లో కరెంటు వాడకం చూపించే పెద్ద గోడ తెర ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆ రోజుకు ఆయన వేసుకున్న పథకం చాలా చిన్నది. తెర మీది అంకె నలభైకి లోపు ఉండగా తనిఖీ మేడమ్‌ను లోపలికి తీసుకురావాలి, అంకె చూపించాలి, హరిత భవనమని సర్టిఫికెట్ పుచ్చుకోవాలి.

ఆ అయిదంతస్తుల భవనాన్ని కట్టినవాళ్లు బుర్ర పెట్టి కట్టారు. పైకప్పు నిండా సెన్సర్లు. గదిలో మనిషి కదిలితే దీపం వెలుగుతుంది, చల్లగాలి వస్తుంది. కదలిక లేకపోతే రెండూ ఆగిపోతాయి. ఎండ ముదిరితే కిటికీ తెరలు వాటంతట అవే దిగుతాయి. మామూలు భవనం వంద పాళ్లు కరెంటు తాగితే ఇది నలభై పాళ్లతో సరిపెట్టుకోవాలి. బుర్ర పెట్టకుండా చేసిన పని ఒక్కటే, ఇంత భవనాన్ని తెచ్చి డైరెక్టరు గారి బావమరిది చేతిలో పెట్టడం. చాటున జనం ఆయనకు పెట్టిన పేరు పొదుపు సారు. ఒకసారి ఆ పేరు చెవిన పడితే మెచ్చుకోలనుకుని మురిసిపోయాడు.

"సర్టిఫికెట్ రెండుసార్లు చేజారింది," అని ముందురోజే డైరెక్టరు చెప్పేశాడు. "మూడోసారీ పోతే మీ అక్కకి నేను చెప్పలేను, నువ్వే చెప్పుకో. చెప్పుకుని ఇంట్లోనే కూర్చో."

తొమ్మిదింబావుకు జనమంతా వచ్చి కూర్చునేసరికి తెర మీద అరవై మూడు ఉంది. ఆయన నేలమాళిగలోంచి ఎలక్ట్రీషియన్‌ను పిలిపించాడు. తల నెరిసిన మనిషి, భవనంలో ప్రతి తీగా ఎక్కడికి పోతుందో తెలిసినవాడు.

"ఎందుకింత ఉంది?"

"జనం పనిచేస్తున్నారు సార్. కానీ అంత జనం వల్ల కాదు. ఇంకెక్కడో తింటోంది. ఒక గంట ఇస్తే వెతికి చెప్తా."

"గంట నా దగ్గర లేదు. నువ్వెళ్లి కింద కూర్చో."

ఎలక్ట్రీషియన్ వెళ్లిపోయాక పొదుపు సారుకు ఆలోచన తట్టింది. కదిలితేనే కదా సెన్సర్‌కు మనిషి ఉన్నట్టు తెలిసేది. కదలకపోతే మనిషి లేనట్టే. ఇంత తెలివి తనకెలా వచ్చిందా అని ఆయనే కాసేపు ఆశ్చర్యపోయి, వెంటనే అందరి ఫోన్లకూ సందేశం పంపాడు. తనిఖీ అయ్యేదాకా ఎవరూ కదలకూడదు, అంతే. కారణం రాయలేదు. కారణాలు చెప్పడం చిన్న ఉద్యోగుల అలవాటని ఆయన అభిప్రాయం.

కారణం లేని చోట ఎవరి కారణం వాళ్లు పెట్టుకున్నారు. నాలుగో అంతస్తులో గ్యాస్ లీకైందనుకుని ఊపిరి కూడా ఆచితూచి పీల్చారు. రెండో అంతస్తులో, సీటు వదిలి తిరిగేవాళ్లను లెక్కపెట్టి ఉద్యోగం తీసేస్తారట అన్న మాట పుట్టింది. దాంతో అక్కడివాళ్లు తుమ్ము వచ్చినా మింగేశారు. గేటు దగ్గర వాచ్‌మన్‌కు మాత్రం లోపలివాళ్లు బయటికి, బయటివాళ్లు లోపలికి కదలకూడదని అర్థమైంది.

అంకె దిగడం మొదలుపెట్టింది. అరవై రెండు. అరవై. యాభై రెండు. చప్పట్లు కొట్టాలనిపించినా, కొడితే హాల్లో దీపాలు వెలుగుతాయని పొదుపు సారు కొయ్యబొమ్మలా నిలబడ్డాడు. నలభై నాలుగు దగ్గర భవనం ఒక నిర్ణయానికి వచ్చింది. అయిదంతస్తుల్లో ఇరవై నిమిషాలుగా ఒక్క కదలిక లేదంటే ఇవాళ సెలవన్న మాట. కిటికీ తెరలు బరబరా దిగాయి. చల్లగాలి ఆగింది. లిఫ్టులు కిందికి వచ్చి పడుకున్నాయి. వీధి తలుపు టక్కున గడియ వేసుకుంది. అంకె ముప్ఫై ఒకటికి దిగి, ఎందుకో అక్కడే ఆగింది.

ముప్ఫై ఒకటి చూసిన ఆనందంలో ఆయనకు చీకటి కూడా ఆలస్యంగా తెలిసింది. తలుపు వైపు ఒక అడుగు వేశాడు. సెలవు రోజు లోపల తిరిగేవాడు దొంగ కాక ఇంకెవడవుతాడు? సైరన్ మోగింది. ఏదో ఆడగొంతు ప్రతి అంతస్తులోనూ తీయగా చెప్పింది: "ఆగంతకుడు ప్రవేశించాడు. దయచేసి కదలకండి." పైన అప్పటికే కదలకుండా ఉన్నవాళ్లు మరింత శ్రద్ధగా బిగుసుకున్నారు.

సరిగ్గా అప్పుడే డైరెక్టరు తనిఖీ మేడమ్‌ను వెంటబెట్టుకుని గేటు దగ్గర కారు దిగాడు. వాచ్‌మన్ చేతులు అడ్డం పెట్టాడు.

"ఎవరినీ కదలనివ్వద్దన్నారు సార్. పైగా లోపల దొంగ పడ్డాడు. అదుగో, అద్దంలోంచి కనబడుతున్నాడు, అటూ ఇటూ పరిగెడుతున్నాడు."

డైరెక్టరు ఫోన్ చేశాడు.

"ఒరేయ్, లోపల దొంగ ఉన్నాడంట. నువ్వెక్కడున్నావ్?"

"ఆ దొంగని నేనే బావా."

డైరెక్టరు ఫోన్‌ను ఒకసారి చెవి నుంచి తీసి చూసి మళ్లీ పెట్టుకున్నాడు. "తలుపు తియ్యి."

తియ్యడం పొదుపు సారుకు తెలిస్తే కదా. చెమటలు కక్కుతూ నేలమాళిగకు ఫోన్ చేశాడు.

"ఏంటయ్యా అక్కడ కూర్చుని చేస్తున్నావ్?"

"కదలకుండా ఉన్నాను సార్. మెసేజ్ మీరే పంపారుగా."

"ఇప్పుడు కదులు."

"కదిలితే దొంగంటోంది సార్ మరి."

"నేను చెప్తున్నాను, కదులు," అన్నాడు పొదుపు సారు. ఆ గొంతులో ఏడుపు వినబడిందని ఎలక్ట్రీషియన్ తర్వాత ఇంట్లో చెప్పుకున్నాడు. లేచి వెళ్లి, కంట్రోల్ తెర మీద సెలవును పనిదినంగా మార్చాడు. సైరన్ ఆగింది, తలుపు తెరుచుకుంది.

తనిఖీ మేడమ్ రుమాలుతో ముఖం తుడుచుకుంటూ లోపలికి వచ్చింది. కోప్పడుతుందని అందరూ అనుకున్నారు. ఆమె జరిగిందంతా ఎలక్ట్రీషియన్ నోట విని తల ఊపింది.

"మీ భవనం తప్పేం లేదు. మనుషులు లేరనుకుంది, అన్నీ ఆపేసింది. అది చెయ్యాల్సిన పనే. అంతా ఆగినప్పుడు అంకె ఎంతుంది?"

"ముప్ఫై ఒకటి మేడమ్," అన్నాడు పొదుపు సారు, కాస్త ఛాతీ విరిచి.

"అంతా ఆగితే అయిదో ఆరో ఉండాలి. మిగతాది ఎవరు తింటున్నారు?"

పొదుపు సారు విరిచిన ఛాతీ దించాడు. "ఇంకొక్కసారి అన్నీ ఆపండి, సైరన్ లేకుండా," అందామె. ఎలక్ట్రీషియన్ ఆపాడు. ఆ నిశ్శబ్దంలో మొదటి అంతస్తు చివరి నుంచి ఒక హోరు వినబడింది. మేడమ్ మెట్లెక్కింది, వెనకాల డైరెక్టరు, ఆ వెనకాల కాళ్లీడ్చుకుంటూ పొదుపు సారు. తలుపు తియ్యగానే చలి కొట్టింది. గదిలో రెండు ఏసీలు పదహారు డిగ్రీల దగ్గర తిరుగుతున్నాయి. చలి ఎక్కువైందని కిటికీ బార్లా తెరిచి ఉంది. గోడకు ఆరు పెద్ద తెరలు, ఆరింటిలోనూ భవనంలో ఎవరెంత కరెంటు వాడుతున్నారో చూపించే గీతలు. తలుపు మీద పొదుపు సారు పేరు.

"ఈ గదికి సెన్సర్ లేదా?" అంది మేడమ్.

"సారే వద్దన్నారు మేడమ్," అన్నాడు ఎలక్ట్రీషియన్. "ఆయన లేనప్పుడు ఏసీ ఆగిపోతే, వచ్చేసరికి గది వేడెక్కుతుందని. పోయినేడాది నుంచీ రాత్రీ పగలూ ఇంతేనని నాకూ ఇప్పుడే తెలిసింది. నాకు ఇందులోకి రావడానికి అనుమతి లేదు."

డైరెక్టరు బావమరిది వైపు చూడలేదు. చూడాల్సిన అవసరం లేదనుకున్నాడు కాబోలు. అక్కడే ఎలక్ట్రీషియన్ చేతికి భవనం తాళాలన్నీ ఇప్పించాడు.

పది రోజులకు సర్టిఫికెట్ వచ్చింది, ఆ గదిలో కూడా సెన్సర్ పెట్టాలన్న ఒకే ఒక్క షరతుతో. అక్క మొహం చూసి పొదుపు సారును గదిలో ఉండనిచ్చారు. తర్వాతి నెలంతా ఆయన ఒక్కరోజు సెలవు పెట్టలేదు, రోజూ తొమ్మిదికి వచ్చి ఆరింటికి వెళ్లాడు.

ఆ నెల మొత్తం మీద ఆ గదిలో మనిషి ఉన్నట్టు సెన్సర్‌కు అనిపించింది నాలుగు గంటలు.