చీరకు ఉప్పునీళ్ళు

ఆ ఉదయం సోమశేఖర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి సముద్రం దగ్గరికి వెళ్ళాలి, చీలమండల దాకా దిగాలి, ఒక ఫోటో తీయించుకోవాలి, వెనక్కి వచ్చేయాలి. థాయ్‌లాండ్‌లో వాళ్ళకది మూడో రోజు. మొదటి రెండు రోజులూ అతను సముద్రాన్ని రెస్టారెంటు అద్దంలోంచే చూశాడు.

మైదుకూరులో అతనికి ఎరువులూ పురుగుమందుల దుకాణం ఉంది. ఈ ఏడు జిల్లాలో అందరికంటే ఎక్కువ అమ్మినందుకు కంపెనీవాళ్ళు కుటుంబంతో సహా అయిదు రోజులు సముద్రపు ఒడ్డున రిసార్టులో పెట్టారు. బుద్ధెరిగాక అతను చూసిన పెద్ద నీళ్ళు కె.సి. కాలువ ఒక్కటే, అదీ నీళ్ళు వదిలిన నెలల్లో. అందుకని బయలుదేరే ముందే దుకాణం లెటర్‌హెడ్ మీద పది జాగ్రత్తలు రాసి పెట్టుకున్నాడు. మోకాలు దాటి దిగరాదు అన్నది మొదటిది. అమ్మ అసలు దిగరాదు అన్నది పదోది. మధ్యలో ఉన్న ఎనిమిదీ ఈ రెంటినే వేరు వేరు మాటల్లో చెప్పేవి.

ఒడ్డున ఆకుపచ్చ జెండా ఎగురుతుంటే నిశ్చింతగా ఈత కొట్టవచ్చని రిసార్టువాళ్ళు చెప్పారు. సోమశేఖర్ నమ్మలేదు. పురుగుమందు డబ్బా మీద ముక్కోణం ఎర్రగా ఉంటే ఘోరమైన విషం, ఆకుపచ్చగా ఉంటే కాస్త తక్కువ విషం. "ఆకుపచ్చ అంటే విషం లేదని కాదు, నిదానంగా పనిచేస్తాదని," అని భార్యకు వివరించాడు. భార్య శివకుమారి డిగ్రీ చదువుకున్న మనిషి. ఆ చదువు ఇలాంటప్పుడు నోరు మూసుకుని ఉండడానికి బాగా పనికొచ్చేది.

సోమశేఖర్ తల్లి అంజనమ్మకు సముద్రమంటే భయం లేదు, బాధ ఉంది. మొదటి రోజే వేలు ముంచి నాలుక మీద పెట్టుకుని, "ఇంత ఉప్పునీళ్ళు ఊరికే పడుండాయి కదరా," అంది.

ఆమె బాధకు కారణం పెట్టెలో ఉంది. అంజనమ్మ పుట్టిల్లు ఒంటిమిట్ట పక్కన నేతపని ఇల్లు. ప్రయాణానికి ముందు తమ్ముడు నరసన్న తన మగ్గం మీద నేసిన కుంకుమరంగు చీర ఇచ్చి, తిరుగు విమానం ఎక్కేటప్పుడు కట్టుకోమన్నాడు. కొత్త నేతచీర ఒకసారి ఉప్పునీళ్ళలో నానితేగాని రంగు నిలవదు. నానబెట్టని చీర కట్టుకుని చెమట పట్టిందంటే, తమ్ముడి పనితనం పక్క సీటువాడికి కూడా అంటుకుంటుంది. ఇంటి దగ్గర హడావిడిలో ఆ పని కాలేదు. ఇక్కడ చూస్తే గదిలో బకెట్టు లేదు, చెంబు లేదు. రెండు చేతులతో ఆకారం చూపించి అడిగితే, మంచుముక్కలు నింపిన బుల్లి స్టీలు బకెట్టు తెచ్చిచ్చారు.

"ఇది పసిబిడ్డకు నీళ్ళు పోసేదానికి కూడా చాలదు," అంది అంజనమ్మ. అయినా తిరిగి ఇవ్వలేదు.

మూడో రోజు ఉదయం కొడుకూ కోడలూ టిఫిను దగ్గర ఉండగా ఆమె చీరా, ఆ బుల్లి బకెట్టూ పట్టుకుని ఒడ్డుకు వెళ్ళింది. ఒక మూల, నీళ్ళ అంచున, పడవలు కట్టే ఇనుప గుంజ ఉంది. పడవలు రావడానికని అక్కడ నేల గబుక్కున లోతుగా దిగుతుంది. ఆ సంగతి చెప్పే బోర్డు ఉంది కానీ అది తెలుగులో లేదు. అంజనమ్మ చీర చెంగును గుంజకు నేతవాళ్ళ ముడి వేసి కట్టింది. లాగేకొద్దీ బిగిసే ముడి అది. మిగతా చీరను అలల మీదికి వదిలింది. చెప్పులు ఇసుకలో విడిచి, జాడించడానికి మంచినీళ్ళు కావాలని కొళాయి వెతుక్కుంటూ పోయింది.

మొదటి ఉప్పునీళ్ళకు ఎంత మంచి చీరైనా అదనపు రంగు కొంత వదులుతుంది. ఈ చీర ధారాళంగా వదిలింది.

అటుగా ఈదుకుంటూ వచ్చిన ఒక తెల్లదొరసాని తన చుట్టూ నీళ్ళు ఎర్రబడడం చూసి 'షార్క్' అని కేక పెట్టింది. సొరచేప ఎవరినో పట్టిందన్న మాట ఒడ్డు పొడవునా పాకింది. నిమిషంలో సముద్రం ఖాళీ అయింది. ఒడ్డున కాపలా కాసే అతను ఈల ఊది, ఆకుపచ్చ జెండా దించి ఎర్ర జెండా ఎక్కించాడు.

సరిగ్గా అప్పుడే సోమశేఖర్ దంపతులు ఫోటో కోసం వచ్చారు. పైకి లేస్తున్న ఎర్ర జెండాను చూసి సోమశేఖర్ ముఖం వెలిగిపోయింది.

"చూసినావా? నేను చెప్తే వింటివా?"

ఆ సంతోషం అర నిమిషం ఉంది. తర్వాత అతనికి ఇసుకలో చెప్పులు కనబడ్డాయి. ఎడమ చెప్పు పట్టీకి నల్లదారంతో కుట్టు. ఆ కుట్టు వేయించింది అతనే. చెప్పుల అవతల ఎర్రటి నీళ్ళు. ఆ నీళ్ళలో, గాలి నిండి బోర్లా పడిన మనిషిలా తేలుతూ, నరసన్న మామ నేసిన చీర.

శివకుమారి కాపలా అతని దగ్గరికి పరుగెత్తింది. నేర్చుకున్న ఇంగ్లీషంతా ఆ కంగారులో నాలుగు మాటలకు కుదించుకుపోయింది. "మదర్ ఇన్ లా. రెడ్. వాటర్. శారీ." అతను అర్థం కానట్టు చూస్తే, ముఖ్యమైన మాట అదే కదా అని ఇంకో రెండుసార్లు శారీ, శారీ అంది. ఆ దేశంలో చీర లేదు. క్షమాపణ ఉంది. అత్త, ఎర్రటి నీళ్ళు, మూడుసార్లు సారీ అన్నీ కలిపి చూసుకుని అతను ఒక అడుగు వెనక్కి జరిగాడు.

"వాట్ డిడ్ యూ డూ, మేడమ్?"

ఇటు సోమశేఖర్ "మా!" అని ఒకే ఒక్క అరుపు అరిచి, పది జాగ్రత్తలనూ వరసగా దాటుకుంటూ నీళ్ళలోకి పోయాడు. మోకాళ్ళు, నడుము, ఛాతీ. చీరను రెండు చేతులా వాటేసుకున్నాడు. లోపల అమ్మ లేదు. ఇంకా ముందు ఉందేమోనని మరో అడుగు వేశాడు. అక్కడ అడుగు లేదు.

శివకుమారి వెనక్కి తిరిగి చూసేసరికి నీళ్ళ మీద మొగుడి బట్టతల ఒకసారి కనిపించి మాయమైంది. చీరను పట్టుకున్న రెండు పిడికిళ్ళు మాత్రం మిగిలాయి. తొమ్మిదో జాగ్రత్త మీద ఆ పొద్దున్నే ఆమె ఒక వేళాకోళం తయారు చేసి పెట్టుకుంది. అది ఇప్పుడు గుర్తుకైనా రాలేదు. కాపలా అతనికి చెయ్యి చాపి చూపించి, తానే నీళ్ళవైపు పరుగెత్తింది.

అదే సమయానికి అంజనమ్మ బుల్లి బకెట్టు చంకన పెట్టుకుని కొళాయి దగ్గరనుంచి వచ్చింది. గుంజ నుంచి చీర మగ్గం మీది పడుగుదారంలా బిగదీసుకుని ఉంది. అవతలి కొసన ఎవరో లాగుతున్నారు.

"ఎవుర్రా అది, నా చీర గుంజుతాండేది? ఇడ్చిపెట్టు."

అవతలివాడు విడిచిపెట్టలేదు. పైగా ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. తమ్ముడి కష్టం పరాయి దేశంలో దొంగ పాలు కావడం అంజనమ్మ సహించలేకపోయింది. బకెట్టు కింద పెట్టి, గుంజకు కాలు తన్నిపెట్టి, చీరను మణికట్టుకు రెండు చుట్లు చుట్టి లాగింది. మగ్గం నేసిన చేతులవి. శివకుమారి వచ్చి వెనక పట్టింది. మునుగుతున్న మనిషిని చూసిన కాపలా అతను నీళ్ళలోకి దూకేలోపే దొంగ మోకాటి లోతుకు వచ్చి, నాలుగు కాళ్ళ మీద నిలబడి దగ్గసాగాడు.

"శేఖరా? నువ్వా?"

"మా... నువ్వు మునిగిపోయినావనుకొంటి."

"నేను మంచినీళ్ళకు పోయినా. ఈత రానోడివి, నువ్వు యాడికి పోతాండావు?"

సోమశేఖర్ తడి ఇసుకలో కూలబడి తల్లి మోకాళ్ళు వాటేసుకున్నాడు. అంజనమ్మ బుల్లి బకెట్టు ఎత్తి, ఉన్న మంచినీళ్ళన్నీ కొడుకు నెత్తిన పోసి, కళ్ళలో ఉప్పు కడిగింది.

"చీరకని తెచ్చినా," అని మాత్రం గొణిగింది.

శివకుమారి ఊపిరి కూడదీసుకుని, చీర అంచు ఎత్తి చూపించి, కాపలా అతనికి శారీ అన్న మాటకు అర్థం చెప్పింది. అతను చీర చూశాడు, నీళ్ళు చూశాడు, గులాబీరంగుకు తిరిగిన సోమశేఖర్ తెల్లచొక్కా చూశాడు. తర్వాత చాలాసేపు నవ్వి, మళ్ళీ ఆకుపచ్చ జెండా ఎక్కించాడు. గుంజకు ఉన్న ముడి విప్పబోయి అతనివల్ల కాకపోతే అంజనమ్మ, "నువ్వుండప్పా," అని పక్కకు జరిపి ఒక్క లాగుతో విప్పింది. చీరను పిండి, అరచెయ్యి తిప్పి చూసుకుంది. చేతికి రంగు అంటలేదు.

సాయంత్రం నరసన్న ఫోను చేసి రంగు ఏమైనా పోయిందా అక్కా అని అడిగాడు.

"చీరది నిలిచింది. మనోడి మొకందే శానా పోయింది," అంది అంజనమ్మ.

ఆ రాత్రి భోజనాల దగ్గర సోమశేఖర్ జేబులోనే తడిసిన లెటర్‌హెడ్ మడత విప్పి, పదో జాగ్రత్తను తన చేత్తోనే కొట్టేశాడు. శివకుమారి అతని పెన్ను అడిగి తీసుకుని, కింద పదకొండోది రాసింది: సముద్రానికి పోయేటప్పుడు నేతచీర ఒకటి వెంట ఉండవలెను, ముందే నానబెట్టినదైతే మంచిది.