అన్నం వేళ జ్ఞానం

మధ్యాహ్నం అన్నం తినడం మనిషిని పాడుచేసే అలవాటని నలభై ఎనిమిదో ఏట గ్రహించాను. ఏడో తరగతిలో బడి మానేసినవాడిని కదా, జ్ఞానం కొంచెం ఆలస్యంగానే వస్తుంది!

బొల్లారంలో మా బ్రెడ్ ఫ్యాక్టరీకి భోజన విరామం అరగంట. ఇన్నేళ్లూ దాన్ని ఎంత దుర్వినియోగం చేశామో తలుచుకుంటే సిగ్గేస్తుంది. నేల మీద గుండ్రంగా కూర్చునేవాళ్లం. బాక్సులన్నీ మధ్యలో పెట్టి, రోసమ్మ తెచ్చిన చేపల పులుసు కోసం కొట్లాడుకునేవాళ్లం. ఇది నాగరికతేనా?

జూన్ నుంచి ఆఫీసువాళ్లు మమ్మల్ని బాగుచేస్తున్నారు. రోజూ పన్నెండున్నరకు మీటింగ్ హాల్లో లంచ్ ట్రైనింగ్. ట్రైనర్ సత్యదేవ్ గారు చాలా మర్యాదస్తుడు. తాను ముందే తినేసి వస్తాడు. తెర సరిగా కనబడాలని లైట్లు తీసేస్తారు. చీకట్లో చారేదో మజ్జిగేదో తెలియదు. తెలుసుకుని మాత్రం ఏం చేస్తాం? మూతల చప్పుడుకు ఏకాగ్రత చెడుతోందని రెండో వారం నుంచి బాక్సులే బయట పెట్టిస్తున్నారు.

ఒక రోజు 'సమయపాలన'. అది పావుగంట ఎక్కువ నడిచింది. మర్నాడు 'పౌష్టికాహారం ఎందుకు ముఖ్యం?' తెర మీద నిండు పళ్లెం బొమ్మ చూపించారు. ఒక బొమ్మను అంత ప్రేమగా చూసిన జనం ఇంకెక్కడా ఉండరు!

ఇక మా భద్రయ్యన్న సంగతి. ముప్పై ఒక్క ఏళ్లుగా పిండి పొంగిందో లేదో తేల్చేది ఆయనే. జూలై ఆఖరున రిటైర్మెంట్. ఆ తర్వాత ఆ పని నాది. మెషిన్ల రొదలో మాట వినపడదు కాబట్టి, అన్నాల దగ్గరే టిఫిన్ మూతలో పిండిముద్ద పెట్టి నేర్పేవాడు.

“వేలుతోటి నొక్కు తమ్మీ. గుంట జల్ది పైకొచ్చిందా, ఇంక ఆగాలె. రానే రాలేదా, ఖేల్ ఖతం. మెల్లగ రావాలె.”

“గింతేనా అన్నా?”

“గిది ఎండాకాలం ముచ్చట. వానల్ల పిండి మొండిది, దాని తీరే వేరు. వానలు షురూ గానియ్యి, చెప్తా.”

వానలు షురూ అయ్యాయి. ట్రైనింగులూ షురూ అయ్యాయి.

ఆయన ఆఖరి రోజు ట్రైనింగ్ దేని మీదనుకున్నారు? 'సీనియర్ల అనుభవాన్ని కాపాడుకోవడం ఎలా?' ముప్పై రెండు స్లైడ్లు! నాలుగో స్లైడు దగ్గర భద్రయ్యన్న చెయ్యెత్తాడు.

“సార్, గీ వానల పిండి ముచ్చట జెర మా తమ్మునికి చెప్పేదుండె...”

“ప్రశ్నలు చివర్లో అడగండి పెద్దాయనా,” అన్నాడు సత్యదేవ్, ఎంతో మర్యాదగా.

చివర్లో బెల్లు కొట్టింది. సాయంత్రం శాలువా కప్పారు, ఫొటో తీశారు. మొన్న ఆయనకు ఫోన్ చేశాను.

“పిండి చేతుల పెట్టి చెప్పాలె తమ్మీ, ఫోన్ల ఎట్ల చెప్తా? గేటుకాడికొస్తే ఔట్‌సైడర్ అని ఆపిన్రు.”

వారంగా ఒకటే వాన. బ్రెడ్డు ఇటుకల్లా వస్తోంది. అయితేనేం, నా ట్రైనింగ్ హాజరు నూటికి నూరు! బడి ఇవ్వని సర్టిఫికెట్ ఆఫీసు ఇచ్చింది, లామినేషన్ చేయించి మరీ.

నిన్న దాన్ని తీసుకెళ్లి పిండి తొట్టి ముందు నిలబెట్టి, గంటసేపు చూశాను.

పొంగలేదు.