చెమ్మ ఎవరిది?

ఆదివారం తొమ్మిది గంటల బస్సుకు పలమనేరు వెళ్లి, బావమరిది గృహప్రవేశంలో కడుపునిండా భోంచేసి రావాలని ధనంజయ ఆలోచన. ఏడింటికి భార్య భువనేశ్వరి బీరువా తెరిచి కెవ్వుమంది. పెళ్లి పట్టుచీర మీద బూడిద చల్లినట్టు బూజు. బీరువా జరిపి చూస్తే వెనక గోడ నిలువెత్తున నల్లబడి చెమ్మ కారుతోంది.

"ఈ పొద్దు తేలిపోవాల!" అంటూ ధనంజయ లుంగీ ఎగగట్టి పక్క వాటాలోని ఇంటి ఓనరు చంద్రకాంతమ్మ దగ్గరికి పరుగెత్తాడు. తిరుచానూరులోని ఆ ఇంట్లో రెండు వాటాలకూ మధ్య ఉన్నది ఆ ఒక్క గోడే. అవతల ఆమె హాలు, దాని పక్కన బాత్‌రూం.

"వానల్లో తడిగుడ్డలు ఇంట్లో ఆరేస్తే గోడ చెమ్మపట్టక ఏం చేస్తాది? నువ్వే బాగు చేయించుకోవాల," అందామె.

"మా గుడ్డలు మిద్దెమీదే ఆరతాయక్కా. మీ బాత్‌రూం నీళ్లే ఇట్లా దిగతా ఉండేది. మీరే చేయించాల."

"అయితే నిరూపించు. లేదంటే ఇల్లు ఖాళీ చెయ్!"

ప్లంబర్ మురుగేష్‌ను పిలిపించారు. "బాత్‌రూంలో నీలిమందు నీళ్లు పోద్దాం. ఆ పక్క గోడ నీలం తిరిగితే తప్పు ఓనరమ్మది," అన్నాడతను. బకెట్టు నీళ్లలో సీసా మొత్తం కుమ్మరించి, ముందుగా గోడకు గుర్తులు పెట్టుకోవాలని అందరినీ ధనంజయ వాటాలోకి తీసుకెళ్లాడు.

ఇదేమీ తెలియని చంద్రకాంతమ్మ భర్త మునస్వామి పూలు కొనుక్కొని బజారు నుంచి వచ్చాడు. బకెట్టు సిద్ధంగా ఉందని మురిసిపోయి, కళ్లద్దాలు తీసి పక్కన పెట్టి, తలారా స్నానం చేసి వాకిట్లోకి వచ్చాడు.

ఎదురింటి కృపామణి చూసింది. "అయ్యో! మునస్వామన్న నీలం తిరిగిపోయినాడు! పాము కరిసిండాది!"

క్షణంలో వీధి నిండింది. ఒకరు అంబులెన్స్‌కు ఫోన్ చేశారు. "నాకేం కాలేదప్పా," అని మునస్వామి మొత్తుకున్నాడు. "విషం తలకెక్కింది," అన్నారు జనం. "నీలిమందు! నీలిమందు!" అని ధనంజయ గొంతు చించుకుంటే, 'మందు' ఒక్కటే వినపడి ఇద్దరు మెడికల్ షాపుకు పరుగెత్తారు.

అంతలో పాములు పట్టే చిన్నబ్బ గడ్డపారతో దిగాడు. రెండు వాటాలూ గాలించి ధనంజయ గోడ ముందు ఆగాడు. "సల్లటి గోడ. పాము ఈడే ఉంటాది!" వద్దు వద్దంటుండగానే ఒక్క పోటు పొడిచాడు. పెళ్లలు రాలి, నీళ్లు బుస్సుమని అందరి మొహాల మీదా చిమ్మాయి. గోడలోని పైపును చీల్చుకొని ఒక మేకు మెరుస్తోంది.

చంద్రకాంతమ్మ మొగుడి సంగతే మరిచిపోయింది. "సూసినారా! ఈయప్ప మేకు కొట్టి నా పైపు పగలగొట్టినాడు!"

ధనంజయ ఎప్పుడైనా క్యాలెండర్‌కు మేకు కొట్టానా అని వెతుక్కుంటూ బిక్కమొహం వేశాడు. మురుగేష్ మోటారు కట్టేయించి, మేకును తడిమి చూశాడు.

"అమ్మా, ఈ పక్క ఉండేది మొన. దీని తల మీ హాల్లో ఉంటాది."

వీధి వీధంతా హాల్లోకి తోసుకుపోయింది. ఆ మేకుకు అద్దాల ఫ్రేములో, చంద్రకాంతమ్మ ప్రత్యేకంగా రాయించుకున్న బోర్డు వేలాడుతోంది: 'అద్దెకున్నవారు గోడలకు మేకులు కొట్టరాదు.'

"ఈ గోడకు మేకు వద్దని ఆ పొద్దే సెప్పినా గదే," అన్నాడు నీలం మునస్వామి.

చంద్రకాంతమ్మ లోపలికి వెళ్లి, తన మామిడిపండు రంగు పట్టుచీర తెచ్చి భువనేశ్వరి చేతిలో పెట్టింది. మొగుడూ పెళ్లాలు పదకొండు గంటల బస్సు పట్టుకున్నారు. వారం తిరిగేలోగా కొత్త పైపు, కొత్త పూత, రెండు వాటాలకూ రంగు, అన్నీ ఓనరమ్మే చేయించింది.

బోర్డు మాత్రం తీయలేదు, టేపుతో అంటించింది.