పది క్యారేజీల చట్టం

ఐర్లండ్‌లోని కార్క్ నగర తెలుగు బాస్కెట్‌బాల్ లీగ్‌లో ఆటగాళ్ల జీతాలపై పరిమితి విధిస్తూ, జూమ్‌లో జరిగిన అత్యవసర సమావేశం ఏకగ్రీవంగా తీర్మానించిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. లాక్‌డౌన్ వల్ల హాలుకు తాళం పడి అప్పటికి నెలలు గడిచాయి. బంతిలో గాలి కూడా పోయింది. అయినా చట్టం తన పని తాను చేసుకుపోవాలి కదా.

ఈ లీగ్‌లో ఎవరూ డబ్బు ముట్టరు. జీతమంటే కెప్టెన్ గారింటి నుంచి వచ్చే క్యారేజీ. అవతలి జట్టు కెప్టెన్ గోపాలరావు రొయ్యల ఇగురు చూపించి పొడుగువాళ్లందరినీ లాగేసుకుంటున్నాడని ఊళ్లోని లీ నది పేరు పెట్టుకున్న 'లీ సింహాలు' జట్టు కెప్టెన్ మధుసూదనరావుకు కడుపుమంట. అమెరికా ఆటల్లో జీతాల పరిమితి ఉంటుందని టీవీలో చూసి, తీర్మానం ఆయనే రాశాడు. జట్టుకు వారానికి పది క్యారేజీలు. మించితే ఒక ఆటగాణ్ణి వదులుకోవాలి. "క్రీడాస్ఫూర్తికి పెరుగన్నం చాలు" అని ఆయన గద్గద స్వరంతో అన్నప్పుడు తెరనిండా చప్పట్ల బొమ్మలు లేచాయి.

చట్టానికి మొదట దొరికింది చట్టం రాసినవాడే. లీ సింహాల్లో అందరికన్నా పొడుగు త్రినాథ్. ఎమ్మెస్సీ చదువుకుంటూ ఒక హోటల్లో గిన్నెలు కడిగేవాడు. హోటల్ మూతపడింది. కాగితాల్లో లేని ఉద్యోగం కాబట్టి ప్రభుత్వ భత్యమూ రాలేదు. అందుకని మధుసూదనరావు భార్య నాగరత్నం అతనికి రోజూ క్యారేజీ కడుతోంది. మిగతా ఆటగాళ్లకు వారానికొకటి చొప్పున కలిపితే పది ఎప్పుడో దాటిపోయింది. గోపాలరావు ఫొటోలతో సహా ఫిర్యాదు చేశాడు.

మీ వాటా ఆ కుర్రాడికి వదలండని మధుసూదనరావు తన జట్టును బతిమాలాడు. అందరూ ఇంట్లో కూర్చుని సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసుకుంటున్నవాళ్లే. తేజేశ్వర్ ఒప్పందం ఒప్పందమేనన్నాడు. శ్రీహర్ష త్రినాథ్ పట్ల ప్రగాఢ సానుభూతి ప్రకటించి, గుత్తివంకాయ మాత్రం ఆపవద్దని కోరాడు. పక్కనే హోమ్‌వర్క్ చేసుకుంటున్న మధుసూదనరావు కూతురు ఉజ్వల తలెత్తకుండానే, "బట్ నోబడీస్ ప్లేయింగ్, డాడ్" అంది. అజెండాలో లేని విషయం కాబట్టి దాన్ని పరిగణించలేదు.

దారి చూపించింది నాగరత్నమే.

"త్రినాథ్‌ని టీమ్‌లోంచి తీసెయ్యండి. అప్పుడు మనం పెట్టేది జీతం కాదుగా, అన్నమే."

మధుసూదనరావు భార్య తెలివికి పొంగిపోయాడు. మర్నాటి సమావేశంలో కళ్లు తుడుచుకుంటూ, "నా కుడిచేతిని నేనే నరుక్కుంటున్నాను, నిబంధన ముఖ్యం" అని ప్రకటించాడు. గోపాలరావు ఆ త్యాగాన్ని కొనియాడాడు. మ్యూట్‌లో ఉన్న త్రినాథ్ ఏదో చెప్పబోయాడు గానీ, ఉచిత జూమ్ గడువు అయిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం నాగరత్నం పప్పు, దొండకాయ వేపుడు సర్ది, క్యారేజీతోపాటు కారు తాళాలు ఆయన చేతిలో పెట్టింది. ఆయన గుమ్మం దగ్గర ఆగిపోయాడు. మనసులో ఏ దురుద్దేశమూ లేదు, నిజంగానే అనుమానం వచ్చింది.

"ఇప్పుడు వాడు మన ప్లేయర్ కాదు కదా రత్నం. మనమెందుకు పెట్టాలి?"

ఆమె ఆయన మొహంలోకి చూసింది. ఇన్నేళ్లూ ఈ మనిషికా వండిపెట్టానని ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది. క్యారేజీ, తాళాలు లాక్కుని వెళ్లిపోయింది. దారిలో లాక్‌డౌన్ తనిఖీ చేస్తున్న గార్డులు, అంటే అక్కడి పోలీసులు, కారు ఆపి ఎక్కడికని అడిగారు. ఆకలితో ఉన్న కుర్రాడికి భోజనం అంది. "గ్రాండ్" అని, అంటే భేషని, దారి వదిలారు. ఆ కుర్రాడు ఏ జట్టువాడని ఒక్కరూ అడగలేదు. పాపం, వాళ్లకు మన నిబంధనలు తెలియవు.

ఇంట్లో మధుసూదనరావు కుర్చీలో కూలబడి, వచ్చే సమావేశానికి అంశం తయారుచేశాడు: వదిలేసిన ఆటగాడికి కెప్టెన్ భార్య అన్నం పెడితే, అది వచ్చే సీజన్‌కు ఇచ్చిన దొంగ జీతం కిందికి వస్తుందా, రాదా? గోపాలరావు వస్తుందనే అంటున్నాడు. ఆదివారం ఓటింగ్. చేతులెత్తమన్నప్పుడు ఎత్తడానికి మనమంతా ఉంటాం. సమావేశం ఎలాగూ మన భోజనాలయ్యాకే.